రొయ్యల చెరువు గట్టు నుంచి జెనీవా దాకా: విదేశీ చదువు యాత్రపై మీ ప్రశ్నలు

అంతర్జాతీయ రాజకీయాలు చదివే పిల్లలు వారం పది రోజులు విదేశానికి వెళ్లి రావడం గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. రాసినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న: బీఏ రాజనీతి శాస్త్రం రెండో ఏడు చదువుతున్నాను. మా కాలేజీ వాళ్లు ఎనిమిది రోజులు యూరప్ తీసుకెళ్తామంటున్నారు. అన్ని రోజుల్లో నిజంగా ఏమైనా నేర్చుకుంటామా, ఫొటోలు దిగి రావడమేనా?
(విద్యార్థిని, కావలి)

జవాబు: రాకపోకలకే రెండు రోజులు పోతాయి. మిగిలిన ఆరు రోజుల్లో పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, జెనీవా అని నాలుగు ఊళ్లు పెట్టారంటే మీ అనుమానమే నిజమవుతుంది. సగం పొద్దు రైళ్లలో, సగం పొద్దు హోటల్ గదుల తాళాల కోసం నిలబడటంలో గడిచిపోతుంది. ఒక ఊరు చాలు. రెండోది తప్పదంటే రైలులో మూడు నాలుగు గంటల దూరం దాటకూడదు.

ఊరికంటే ముందు ప్రశ్న ఖాయం చేసుకోండి. అది మీ జిల్లా నుంచి పుట్టిన ప్రశ్న అయితే మరీ మంచిది. కావలి చుట్టుపక్కల రొయ్యల చెరువులు రోజూ చూస్తూనే ఉంటారు. ఆ రొయ్య మీద దేశాల మధ్య పెద్ద వ్యాజ్యమే నడిచింది. సముద్రంలో రొయ్యలు పట్టే వలల్లో తాబేళ్లు చిక్కి చస్తున్నాయని, తాబేలు బయటికి జారిపోయే చట్రం వలకు అమర్చని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనబోమని 1989లో అమెరికా చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అక్కడి అప్పీలు సంఘం తీర్పు చెప్పింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని అది తప్పుపట్టలేదు. అమలు చేసిన తీరును తప్పుపట్టింది. కరీబియన్ ప్రాంత దేశాలకు పద్ధతి మార్చుకోవడానికి మూడేళ్ల గడువిచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇచ్చారు. ఒకరికొక న్యాయం, ఇంకొకరికొక న్యాయం. అమెరికా చట్టాన్ని అలాగే ఉంచి నిబంధనలు సవరించుకుంది. మలేసియా మళ్లీ సవాలు చేస్తే 2001లో అమెరికాయే నెగ్గింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు ఆ తలుపు మళ్లీ మూసుకుంది. చెరువుల్లో పెంచే వనామికి ఈ నిబంధన వర్తించదు. గుడ్లు పెట్టడానికి ఏటా మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలే ఈ కథలో ఉంది. అందుకని మైపాడు ఒడ్డున నిలబడి కూడా ఈ పాఠం మొదలుపెట్టవచ్చు.

ఈ కేసు సంఖ్య డీఎస్58. తీర్పు మొత్తం ప్రపంచ వాణిజ్య సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చివరన ఉన్న నిర్ణయాల భాగం, భారత్ వాదనల భాగం ఇంటి దగ్గరే చదివి వెళితే జెనీవాలో సరస్సు ఒడ్డున ఉన్న ఆ సంస్థ భవనంలో అడగాల్సిన ప్రశ్న మీ చేతిలో ఉంటుంది. ఎందుకంటే ఆ అప్పీలు సంఘమే ఇప్పుడు పనిచేయడం లేదు. అందులో ఏడుగురు సభ్యులుండాలి, ఒక్కో కేసును ముగ్గురు వినాలి. కొత్తవారి నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబరు నుంచి ఆ ముగ్గురు కూడా లేరు. కింది దశలో ఓడిన దేశం అప్పీలు వేస్తే కేసు గాలిలో ఆగిపోతుంది. 2025 ఆగస్టు 27న భారత సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, ఆ తర్వాత మారుతూ వచ్చింది. అప్పుడు మన జిల్లాలో అందరికీ వచ్చిన అనుమానం ఒకటే, దీని మీద కోర్టుకు వెళ్లకూడదా అని. వెళ్లవచ్చు. గెలిచాక ఏమవుతుందన్న దానికి జవాబు ఆ ఖాళీ కుర్చీల్లో ఉంది.

ఇలా ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లినవారికి ఆరు రోజులూ సరిపోవు. ప్రశ్న లేకుండా వెళ్లినవారికి రెండో రోజుకే విసుగొస్తుంది.

ప్రశ్న: మావాడు ఇంటర్ చదువుతున్నాడు. బ్యాంకాక్‌లో ఐక్యరాజ్య సమితి సమావేశానికి సెలెక్ట్ అయ్యాడని, సర్టిఫికెట్ ఇస్తారని ఫోన్ వచ్చింది. వారం లోపల డబ్బు కట్టమంటున్నారు. నమ్మొచ్చా సార్?
(రొయ్యల రైతు, విడవలూరు)

జవాబు: డబ్బు కట్టకండి. ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి.

నడిపేదెవరు? సమితి భవనంలో ఒక గది తీసుకుని జరిపినా, సమితి పేరు పెట్టుకుని హోటల్‌లో జరిపినా, అది సమితి నడిపే కార్యక్రమం అయిపోదు. విద్యార్థులు ఒక్కో దేశం తరఫున కూర్చుని వాదించే నమూనా సభలను ప్రైవేటు సంస్థలు చాలా నడుపుతాయి. అందులో తప్పేం లేదు, మాట్లాడే ధైర్యం వస్తుంది. ఆ సభలో కూర్చోవడాన్ని సమితి ఎంపికగా చెబితే మాత్రం అబద్ధం.

ఎలా ఎంపిక చేశారు? మీవాడు వ్యాసం రాశాడా, ఎవరైనా ఇంటర్వ్యూ చేశారా? ఫారం నింపిన మర్నాడే సెలెక్ట్ అయ్యాడంటే అది అమ్మకం.

కట్టే డబ్బులో ఏమేం ఉన్నాయి? విమానం, గది, భోజనం, వీసా, బీమా విడివిడిగా రాయించుకోండి. ఈ సభల్లో చాలావాటికి ప్రవేశ రుసుం ఒక్కటే చెబుతారు. టికెట్, హోటల్ మీ నెత్తినే పడతాయి. వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారో కాగితం మీద లేకపోతే ఏమీ తిరిగి రాదనే అనుకోండి.

మీవాడికి నిజంగా ఆసక్తి ఉంటే నెల్లూరులోనో చెన్నైలోనో జరిగే నమూనా సభకు ముందు పంపండి. రెండు వేలో మూడు వేలో ఖర్చుతో వాడికి ఇది నచ్చుతుందో లేదో తేలిపోతుంది. డిగ్రీ అయ్యాక పైచదువుల్లో ఉన్నవారి కోసం జెనీవాలోని సమితి కార్యాలయమే ఏళ్ల తరబడి జూలైలో రెండు వారాల పాఠాలు నడుపుతోంది. దానికి ఫీజు లేదు, రాకపోకలు, బస ఖర్చు విద్యార్థిదే. ఆ ఏడాది ఉందో లేదో సమితి వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. మధ్యలో ఏజెంట్‌తో పనిలేదు.

ప్రశ్న: పదిహేను మంది డిగ్రీ విద్యార్థులను జూన్‌లో జెనీవా తీసుకెళ్లాలని మా విభాగం ఆలోచన. ఎప్పుడు ఏ పని మొదలుపెట్టాలి? ఎక్కడ దెబ్బతింటాం?
(అధ్యాపకుడు, ఒంగోలు)

జవాబు: డిసెంబరులో పాస్‌పోర్టులతో మొదలుపెట్టండి. పదిహేను మందిలో సగం మందికి ఉండదు. పోలీసు విచారణ అప్పుడు ఊళ్లో లేక హాస్టల్లో ఉన్న పిల్లలవి ఆగిపోతాయి. దరఖాస్తులో ఇప్పుడుంటున్న చిరునామా నిజాయితీగా రాయించండి, ఫోన్ దగ్గర పెట్టుకోమనండి. ఇంతకుముందే పాస్‌పోర్టు ఉన్నవారిది పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

జనవరిలో కలవాల్సిన కార్యాలయాలకు ఉత్తరాలు పంపండి. జెనీవాలో భారత్‌కు రెండు శాశ్వత కార్యాలయాలున్నాయి. ఒకటి సమితి వ్యవహారాలకు, రెండోది ప్రపంచ వాణిజ్య సంస్థకే ప్రత్యేకంగా. చాలామంది మొదటిదానికి రాసి రొయ్యల సుంకం గురించి అడుగుతారు. అది వేరే గుమ్మం. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ మించకుండా రాయండి. ఎంతమంది, ఏ తేదీ (రెండు మూడు ప్రత్యామ్నాయ తేదీలు), ఏ అంశం, ఏం చదివి వస్తున్నారు. మీ సంస్థ గురించి తెలుసుకోవాలనుకుంటున్నాం అని రాస్తే కరపత్రం చేతికిచ్చి పంపుతారు. డీఎస్58 చదివాం, ఈ మూడు ప్రశ్నలున్నాయి అని రాస్తే ఆ విషయం తెలిసిన మనిషిని కూర్చోబెడతారు. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఇంకొకసారి మర్యాదగా గుర్తుచేయండి.

వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేయవచ్చు, పదిహేను రోజుల ముందుతో గడువు ముగుస్తుంది. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు, ఏదైనా సందేహం వస్తే నలభై అయిదు రోజుల దాకా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వేలిముద్రల అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. కాబట్టి మార్చి చివరికల్లా ఇచ్చేయండి. పెద్దలకు రుసుం 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఇక్కడొక మేలు చాలామంది వదిలేసుకుంటారు. చదువు కోసం లేదా విద్యా శిక్షణ కోసం వెళ్లే విద్యార్థులకు, వెంట వెళ్లే అధ్యాపకులకు షెంజెన్ (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) వీసా నియమావళి ఈ రుసుం మినహాయించింది. దానికి యాత్ర ఉద్దేశం పర్యాటకం అని రాయకూడదు. విద్యాసంస్థ ఉత్తరం, రోజువారీ కార్యక్రమం, అక్కడి సంస్థలు సమయమిచ్చిన మెయిళ్లు జతచేసి, దరఖాస్తు తీసుకునే కేంద్రంలో ముందే అడగాలి. కేంద్రం వారి సేవా రుసుం మాత్రం ఎలాగూ కట్టాలి.

బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు, షెంజెన్ దేశాలన్నిటికీ వర్తించాలి, దిగే రోజూ ఎక్కే రోజూ అందులో పడాలి. చౌక పాలసీలు ఒక రోజు తక్కువగా ఇస్తాయి, దరఖాస్తు దానితోనే వెనక్కొస్తుంది. ఖర్చులకు మనిషికి రోజుకు 100 ఫ్రాంకులు చూపాలని స్విస్ నిబంధన, గుర్తింపు కార్డున్న విద్యార్థికి 30 ఫ్రాంకులు చాలు. ఫ్రాంకు నూరు రూపాయలు దాటింది. కాగితం మీద 30 సరిపోయినా ఆ ఊళ్లో రెండు పూటలు హోటల్లో తింటే అది చాలదు. వంటగది ఉన్న హాస్టల్ చూసుకోండి.

తిరస్కరణలకు మామూలు కారణం ఒకటుంది. ఎక్కువ రోజులు ఉండే దేశానికే వీసా అడగాలి. స్విట్జర్లాండ్‌కు దరఖాస్తు పెట్టి కార్యక్రమంలో జెనీవాకు రెండు రోజులు, పారిస్‌కు నాలుగు రోజులు రాస్తే దరఖాస్తు తప్పు చోట పడినట్టే. చౌక అని సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లోని ఆన్‌మాస్‌లో బస పెట్టుకునేవారూ ఉన్నారు. అక్కడి నుంచి జెనీవాకు లోకల్ రైలుంది. అప్పుడు రాత్రులన్నీ ఫ్రాన్స్‌లో గడుస్తాయి కదా, ఎవరికి దరఖాస్తు పెట్టాలో ముందే తేల్చుకోండి. పైగా జెనీవాలోని హోటళ్లు, హాస్టళ్లలో దిగినవారికి బస్సు, ట్రాము ఉచితంగా ఎక్కే కార్డు ఇస్తారు, ఆన్‌మాస్‌లో దిగితే అది పోతుంది. పదిహేను మందికి లెక్కవేస్తే తేడా తక్కువే.

వెళ్లాక రోజుకు రెండు సమావేశాలు మించొద్దు. సమితి భవనం పాలే దే నాసియోఁకు ప్రెన్యీ ద్వారం దగ్గర అసలు పాస్‌పోర్టు చూపాలి, జిరాక్సు చెల్లదు. తనిఖీ క్యూకు అరగంట ముందు చేరాలి. ఒక్కరు పాస్‌పోర్టు గదిలో మరిచినా జట్టంతా ఆగుతుంది. ఎదురుగానే రెడ్‌క్రాస్ మ్యూజియం ఉంది, మధ్యాహ్నం దానికి పెట్టుకోండి. 2025 అక్టోబరు 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో ముద్ర వేయడానికి బదులు వేలిముద్ర, ముఖం ఫొటో నమోదు చేసే పద్ధతి మొదలైంది. మొదటిసారి వెళ్లేవారికి సమయం పడుతుంది. దిగిన రోజు మధ్యాహ్నం సమావేశం పెట్టుకోకండి.

గంట సమావేశం ఎలా పాడవుతుందంటే, పదిహేను మందీ లేచి పేరు, ఊరు, అభిరుచి చెప్పడంతోనే ఇరవై నిమిషాలు పోతాయి. పరిచయం అధ్యాపకుడే రెండు వాక్యాల్లో ముగించాలి. ప్రశ్నలు ముందే వరుస వేసుకుని ముగ్గురే అడగాలి. చాతమ్ హౌస్ నియమం కింద మాట్లాడుతున్నాం అని వారంటే దాని అర్థం మీకు తెలిసుండాలి: చెప్పిన సంగతి వాడుకోవచ్చు, ఎవరు చెప్పారో, ఏ కార్యాలయమో బయటపెట్టకూడదు. ఆ రాత్రే ఫొటోతో సహా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే వచ్చే ఏడాది మీ కాలేజీకి ఆ తలుపు తెరుచుకోదు.

నోటుబుక్కులో కుడి పేజీ విన్నదానికి, ఎడమ పేజీ దానికి ఆధారమైన పత్రం సంఖ్యకు వదలండి. సమితి పత్రాల సంఖ్యలు చదవడం అరగంటలో వస్తుంది. ‘ఎస్’తో మొదలైతే భద్రతా మండలిది, ‘ఏ’తో మొదలైతే సాధారణ సభది, మధ్యలో ‘ఆర్ఈఎస్’ ఉంటే తీర్మానం. ఆ రాత్రి హాస్టల్లో నలభై నిమిషాలు కూర్చుని ఎడమ పేజీలు నింపాలి. తిరిగొచ్చాక నింపుదాం అనుకున్న పేజీలు ఖాళీగానే ఉండిపోతాయి.

ప్రశ్న: మాది పొగాకు కుటుంబం. నాన్నకు ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు లేవు. వీసాకు ఏం చూపాలి?
(విద్యార్థిని, కందుకూరు)

జవాబు: వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్ను లేకపోవడం తప్పు కాదు. ఆ మాట మీ నాన్నగారు సంతకం చేసే ఖర్చుల హామీ పత్రంలోనే ఒక వాక్యంగా రాయించండి. పట్టాదారు పాసు పుస్తకం, 1బి నకలు, వేలం కేంద్రంలో అమ్మిన బేళ్ల చీటీలు, ఆ డబ్బు బ్యాంకులో పడినట్టు చూపే స్టేట్‌మెంటు జతచేయండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ పెట్టించాలి. బ్యాంకు స్టేట్‌మెంటు మూడు నెలలదని అడిగినా, పొగాకు డబ్బు వేలం జరిగే నెలల్లోనే పడుతుంది కనుక ఏడాదిది ఇవ్వండి. మూడు నెలలదే ఇస్తే ఖాతా ఎండిపోయినట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు దరఖాస్తుకు పది రోజుల ముందు బాబాయి దగ్గరో మేనమామ దగ్గరో మూడు లక్షలు తెచ్చి ఖాతాలో వేయడం. వీసా అధికారి మొదట చూసేది ఆ ఒక్క వరుసనే. నిజంగా బంధువే సాయం చేస్తుంటే ఆయన పేరుతోనే హామీ పత్రం, ఆయన స్టేట్‌మెంటు ఇవ్వండి. అది గౌరవమైన దారి, చెల్లే దారి కూడా. పద్దెనిమిది నిండని వారికైతే తల్లి, తండ్రి ఇద్దరూ సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి.

యాత్రను ప్యాకేజీగా కొంటే ఏజెంటు మూలంలోనే కొంత పన్ను వసూలు చేస్తాడు. ఎవరి పాన్ ఇస్తే వారి ఖాతాలోనే అది జమవుతుంది. వారు రిటర్ను వేస్తే తిరిగొస్తుంది, వేయకపోతే పోయినట్టే.

ప్రశ్న: పొగాకు మీదే ప్రాజెక్టు చేద్దామంటే, జెనీవాలో పొగాకు రైతు మాట ఎవరు వింటారని మా స్నేహితులు ఎగతాళి చేస్తున్నారు.
(విద్యార్థి, టంగుటూరు)

జవాబు: మీ అంశం బంగారం లాంటిది, వదలొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2003లో ఆమోదం పొంది, 2005 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. భారత్ 2004లోనే ఆమోదించింది. దాని సచివాలయం జెనీవాలోనే ఉంది. సభ్య దేశాల ఏడో సమావేశం 2016 నవంబరులో మన గ్రేటర్ నోయిడాలో, పదకొండోది 2025 నవంబరులో జెనీవాలో జరిగాయి.

మీరు చదవాల్సినవి మూడు అధికరణలు. 17వది పొగాకు పండించేవారికి, కూలీలకు వేరే బతుకుతెరువు చూపాలంటుంది. 18వది సాగులో పర్యావరణం, మనుషుల ఆరోగ్యం కాపాడాలంటుంది. 5.3 అధికరణ పొగాకు పరిశ్రమ ప్రయోజనాలు ప్రజారోగ్య విధానంలో జొరబడకుండా చూడాలంటుంది. చిక్కంతా చివరిదానిలో ఉంది. రైతు సంఘం వస్తే అది రైతు గొంతా, కంపెనీ గొంతా అని ఎలా తేల్చాలి? ఈ అధికరణ పేరుతో రైతులను గది బయటే నిలబెట్టారన్న ఫిర్యాదు ఒకవైపు, రైతులను ముందు పెట్టి కంపెనీలే మాట్లాడిస్తున్నాయన్న ఆరోపణ ఇంకోవైపు. రెండూ రాసుకోండి. రెండిటికీ ఆధారాలు వెతకండి. మీరు పక్షం తీసుకోవాలంటే ఆ తర్వాతే.

వెళ్లేముందు టంగుటూరు వేలం కేంద్రంలో రెండు ఉదయాలు గడపండి. ఒక బేరన్‌కు (పొగాకు ఆకు కాల్చే కొట్టానికి) కట్టెలు ఎన్ని, కూలి ఎంత, సగటు ధర ఎంత, అదే చేలో శనగ వేస్తే చేతికి ఎంత వస్తుంది, ఈ నాలుగు లెక్కలు పదిమంది రైతుల దగ్గర రాసుకోండి. 17వ అధికరణ గురించి మాట్లాడే అధికారి ముందు ఆ కాగితం పెడితే ఆయనే మిమ్మల్ని ప్రశ్నలడుగుతారు. సంస్థలో పనిచేసేవారి దగ్గర ఒప్పందాల పాఠం ఉంటుంది, మీ దగ్గరున్న లెక్క వారి దగ్గర ఉండదు.

ప్రశ్న: జెనీవా కాకుండా ఇంకెక్కడికి వెళ్లొచ్చు?
(విద్యార్థి, నెల్లూరు)

జవాబు: రాకెట్ల మీద ఆసక్తి ఉంటే వియన్నా. అంతరిక్ష వ్యవహారాల సమితి కార్యాలయం, అణుశక్తి సంస్థ రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. 1992లో క్రయోజెనిక్ (అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే) రాకెట్ ఇంజిన్ ఒప్పందం మీద అమెరికా ఇస్రోకూ, రష్యా సంస్థ గ్లావ్‌కాస్మాస్‌కూ ఆంక్షలు వేసింది, మరుసటేడు రష్యా సాంకేతిక పరిజ్ఞానం ఇవ్వకుండా వెనక్కు తగ్గింది. శ్రీహరికోట మీకు పక్కనే కనుక మంచి ప్రశ్న అవుతుంది.

చట్టం ఇష్టమైతే నెదర్లాండ్స్‌లోని హేగ్. శాంతి సౌధంలోని అంతర్జాతీయ న్యాయస్థానంలో పదిహేను మంది న్యాయమూర్తులు, తొమ్మిదేళ్ల పదవీకాలం. బహిరంగ విచారణ ఉన్న రోజు ముందే నమోదు చేసుకుంటే లోపల కూర్చోనిస్తారు. విచారణ తేదీలు చూశాకే టికెట్లు కొనాలి, లేకపోతే గేటు బయట ఫొటోయే గతి. పాకిస్తాన్ మరణశిక్ష వేసిన భారతీయుడు కుల్‌భూషణ్ జాధవ్ కేసు తీర్పు 2019 జూలై 17న అక్కడే వచ్చింది. మన బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దును 2014 జూలైలో తేల్చిన మధ్యవర్తిత్వ కేసును నడిపిన సంస్థ కూడా ఆ భవనంలోదే.

ప్రశ్న: యూరప్ ఖర్చు మా తరగతికి అందదు. దగ్గర్లో పనికొచ్చే చోటు ఉందా?
(విద్యార్థులు, కనిగిరి)

జవాబు: ఉంది. మా అభిప్రాయంలో చాలామందికి ఇదే మేలు కూడా.

కాఠ్మాండూకు భారతీయులకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లే పెద్దలకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి, ఆధార్ చూపి ఎక్కుదామంటే చెన్నై విమానాశ్రయంలోనే ఆపేస్తారు. 1985లో ఢాకాలో పుట్టిన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌కు 1987 నుంచి సచివాలయం అక్కడే. చివరి శిఖరాగ్ర సమావేశం 2014 నవంబరులో అదే ఊళ్లో జరిగింది, 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది జరగలేదు. పనిచేసే సంస్థ కంటే ఆగిపోయిన సంస్థను చూసి ఎక్కువ నేర్చుకోవచ్చు. 2015లో నేపాల్ కొత్త రాజ్యాంగం వచ్చాక సరిహద్దులో నెలల తరబడి లారీలు ఆగాయి. అక్కడివారు దాన్ని భారత్ పెట్టిన దిగ్బంధం అంటారు, సరిహద్దు జిల్లాల్లోని ఆందోళనే కారణమని భారత్ అంటుంది. ఒకే సంఘటనకు రెండు పేర్లు ఎలా వస్తాయో చెవులారా వినడానికి ఇంతకంటే దగ్గర చోటు లేదు. 2025 సెప్టెంబరులో యువత ఆందోళనల్లో అక్కడి పార్లమెంటు భవనం తగలబడి ప్రధాని రాజీనామా చేశారు. కాబట్టి తేదీలు మార్చుకోగల టికెట్టే కొనండి, దిగగానే భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు అందరి ఫోన్లలో ఎక్కించండి.

కొలంబో అయితే చెన్నై నుంచి గంటన్నర కూడా పట్టదు. వెళ్లేముందు ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి, ఆ నిబంధనలు తరచూ మారుతున్నాయి, టికెట్ కొనే వారమే చూసుకోండి. 2017లో చైనా కంపెనీకి తొంభై తొమ్మిదేళ్లకు లీజుకిచ్చిన హంబన్‌తోట రేవు కొలంబో నుంచి బస్సులో వెళ్లే దూరమే. అప్పు తీర్చలేక రేవు రాసిచ్చేశారని మన దగ్గర చెప్పుకుంటారు. వచ్చిన డబ్బు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది, ఆ అప్పు రద్దు కాలేదు. 2022లో శ్రీలంక చెల్లింపులు ఆపినప్పుడు విదేశీ అప్పులో పెద్ద వాటా బాండ్ల మార్కెట్‌ది. ఇవన్నీ ముందే చదివి వెళితే అక్కడి అధ్యాపకులతో మాట్లాడే పద్ధతే మారుతుంది.

ప్రశ్న: టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంది, పాస్‌పోర్టులో వెనక ఉంది. ఇబ్బందా?
(విద్యార్థి, సింగరాయకొండ)

జవాబు: ముందూ వెనకా ఇబ్బంది కాదు, అక్షరాలు తేడా ఉంటేనే ఇబ్బంది. టికెట్, బీమా, వీసా ఫారం మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే టికెట్ కొనేముందు ఆ విమాన సంస్థ పద్ధతి అడగండి, ఒక్కో సంస్థది ఒక్కో తీరు.

ప్రశ్న: అమ్మాయికి అక్కడ తిండి పడదేమో. ఏమేం కట్టిపంపవచ్చు?
(గృహిణి, అల్లూరు)

జవాబు: ఆవకాయ, కందిపొడి, చింతపండు గుజ్జు, మురుకులు పంపండమ్మా. పచ్చడి నూనె కారకుండా రెండు కవర్లలో సీలు చేయించి పెద్ద పెట్టెలోనే పెట్టాలి, చేతిసంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు. నెయ్యి, మలై కాజా, పాలకోవా, మాంసం పచ్చళ్లు వద్దు, బయటి దేశాల నుంచి పాల, మాంసం పదార్థాలను యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా అంతే. ఆదివారం జెనీవాలో అంగళ్లు చాలావరకు మూసి ఉంటాయి, శనివారమే బియ్యం, పెరుగు కొనుక్కోమనండి. కుళాయి నీళ్లు తాగవచ్చు. కార్డుతో డబ్బు కట్టేటప్పుడు మెషీన్ రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా అని అడిగితే ఫ్రాంకులే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటులో నష్టపోతుంది.

ప్రశ్న: మన ఒంగోలు జాతి పశువులతోనే బ్రెజిల్ కోట్లు సంపాదిస్తోంది. అందులో మనకు వాటా రావాలని ప్రాజెక్టు రాస్తే బాగుంటుందా?
(విద్యార్థి, చీమకుర్తి)

జవాబు: ప్రశ్న బాగుంది, జవాబు ముందే రాసేసుకున్నారు. అక్కడే జాగ్రత్త. ఆ పశువులు పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఓడల్లో బ్రెజిల్ చేరాయి, చివరి పెద్ద దిగుమతులు 1960ల మొదట్లో జరిగాయి. ఒంగోలు తాలూకా అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ వాటికి నెలోర్ అనే పేరు నిలిచింది. జన్యు వనరుల మీద దేశానికి సార్వభౌమ హక్కు ఉందన్న జీవవైవిధ్య ఒప్పందం 1993 డిసెంబరు చివరలో అమల్లోకి వచ్చింది, లాభాల పంపిణీ నియమాలు పెట్టిన నగోయా ఒప్పందం 2014లో. అంతకుముందు వెళ్లినవాటి మీద ఈ ఒప్పందాలతో దావా నిలవదు. మరి ఇప్పుడు బ్రెజిల్ నుంచి మేలైన నెలోర్ వీర్యం మనమే తెచ్చుకోవాలనుకుంటే ఎవరు ఎవరికి ఏం చెల్లించాలి? మన జాతి పశువు కణజాలం ఈరోజు ఒక విదేశీ సంస్థ అడిగితే ఏం జరుగుతుంది? ఇవి నిలబడే ప్రశ్నలు. రెండోదానికి జవాబు 2002 నాటి మన జీవవైవిధ్య చట్టంలో ఉంది. ఆ అనుమతులిచ్చే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఉన్నది చెన్నైలో. ముందుగా ఉత్తరం రాసి సమయం తీసుకుని, తెల్లవారుజామున రైలెక్కితే ఆ రాత్రికి తిరిగి రావచ్చు. ఉత్తరం ఎలా రాయాలో, మూడు ప్రశ్నలు ఎలా అడగాలో పైన ఒంగోలు అధ్యాపకుడికి చెప్పిందంతా ఆ ఒక్క రోజులో సాధన చేసుకోండి. వీసా అక్కర్లేదు.